తోడేలు ఆట - వోటు నీతి
(పాఠశాల విద్యార్థి సాహితీ సమితి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమితి కార్యదర్శులు మమ్ము ప్రసంగమునకు ఆహ్వానించుచు, విషయమును మా ఇష్టమునకే విడిచిరి. ఇట్టి వేదికపై పెద్దలు సాధారణముగా క్రమశిక్షణను గూర్చియో, మాతృభాషాభిమానమును గూర్చియో మాటలాడుదురు. అవి రెండును అవసరములే. కాని నేడు మేము ఎన్నుకొన్న విషయము ఒక ఆట. మీరు వసతిగృహమునను, విహారయాత్రలలో రైలుపెట్టెలోను, సెలవు దినములలో చేతిఫోనులలోను ఆడుచున్న ఆట. దానిని కొందరు మాఫియా అందురు. కొందరు తోడేలు అందురు. ఫోనులో ఆడువారు అమాంగ్ అస్ అందురు. నియమములలో భేదములున్నను సారమొక్కటే: గుంపులో దాగియున్న ద్రోహిని గుంపంతయు కలిసి వోటు వేసి కనిపెట్టుట. అట్టి గుంపు ఎట్లు వోటు వేయవలెను, ఎట్లు వేయరాదు అనునదే మా ప్రసంగ విషయము. ఇది ఆటను గూర్చిన మాటయే; కాని ఆట వద్దనే ఆగు మాట కాదని మీరే గ్రహింతురు.

మన ఇండ్లలో పెద్దలెరిగిన చీటీల ఆట ఒకటి కలదు. చీటీలపై రాముడు, సీత మొదలగు పేర్లు వ్రాసి, మడచి, కలిపి వేయుదురు. రాముని చీటీ వచ్చినవాడు సీత ఎవరో కనిపెట్టవలెను. మన పొరుగున తమిళ బాలురు రాజు, రాణి, పోలీసు, దొంగ అని ఆడుదురు; పోలీసు దొంగను పట్టవలెను. ఈ ఆటలలో ఊహించువాడు ఒక్కడే. వాని ఊహ తప్పినచో లెక్కలో కొన్ని అంకెలు పోవును, అంతియే. తోడేలు ఆటలో ఊహించునది ఒక్కడు కాదు, ఊరంతయు. ఊరి ఊహ తప్పినచో పోవునది అంకె కాదు, ఆటలోని ఒక నిరపరాధి. ఈ భేదము చిన్నది కాదు.

ఈ ఆటను 1986-87 ప్రాంతమున మాస్కో విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రము చదువుచుండిన దిమిత్రి దావిదోవ్ అనువాడు కల్పించెనని ప్రసిద్ధి. ఆయన ఆటకు మూలసూత్రము ఇది: విషయమెరిగిన కొద్దిమంది ఒక వైపు, విషయమెరుగని పెక్కుమంది ఒక వైపు; వీరిలో గెలుపెవరిది? విద్యార్థి వసతిగృహములలో పుట్టిన ఆట ఒకరి నుండి ఒకరికి నోటిమాటగా దేశములు దాటినది. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అను అమెరికా రచయిత మాఫియా ముఠాకు బదులుగా రాత్రివేళ తోడేళ్లగా మారు మనుష్యుల కథను దీనికి తొడిగెను. 2018లో వెలువడి, మహమ్మారి వలన జనులు ఇండ్లలో నుండిన 2020లో లోకమంతట వ్యాపించిన అమాంగ్ అస్ ఈ వంశములోనిదే.

ఆట ఎరుగని పెద్దలు కొందరు సభలో నున్నారు గనుక నియమములను క్లుప్తముగా చెప్పెదము. ఒకరు సూత్రధారిగా నుందురు. మిగిలినవారికి రహస్యముగా చీటీలు పంచుదురు. ఏడుగురు ఆడినచో ఇద్దరికి తోడేలు చీటీలు, ఐదుగురికి గ్రామస్థుల చీటీలు వచ్చుననుకొందము. రాత్రి అనగానే అందరును కన్నులు మూసికొందురు. తోడేళ్లిద్దరు మాత్రము కన్నులు తెరచి, ఒకరినొకరు గుర్తించి, ఒక గ్రామస్థుని సైగతో సూచింతురు. వాడు ఆట నుండి తొలగును. పగలు అందరును చర్చించి, వోటు వేసి, ఒకరిని వెలివేయుదురు. వాని చీటీని బయట పెట్టుదురు. తోడేళ్లన్నియు వెలివేయబడినచో ఊరు గెలిచినది. తోడేళ్ల సంఖ్య గ్రామస్థుల సంఖ్యకు సమానమైనచో తోడేళ్లు గెలిచినవి. మేము చెప్పబోవు లెక్కలన్నియు పగటితో ఆరంభమగు ఆటకు చెందినవి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఐదుగురు మంచివారు, ఇద్దరు ద్రోహులు. చర్చ లేక, గుడ్డిగా చీటీ తీసినట్లు ప్రతి పగలు ఒకరిని వెలివేయుచు పోయినచో ఊరు గెలుచుటకు ఎంత అవకాశము? సగముకన్న ఎక్కువ యని తోచవచ్చును. గణితము తెలిసిన విద్యార్థులు కాగితముపై వేసి చూడవచ్చును.

ముందు చిన్న లెక్కతో ఆరంభింపుడు. ముగ్గురిలో ఒక తోడేలు మిగిలినచో, ఊరికి 3లో 1 పాలు అవకాశము. ఐదుగురిలో ఒక తోడేలు ఉన్నచో, తొలినాడే పట్టుబడుటకు 5లో 1 పాలు. తప్పినచో రాత్రి ఒకరు పోయి మరల ముగ్గురి లెక్కకు వత్తుము. అన్నియు కూడిన 15లో 7 పాళ్లు. ఐదుగురిలో ఇద్దరు తోడేళ్లయినచో వరుసగా రెండు మారులు గురి తప్పక తగులవలెను. ఆ తరువాతనే గెలుపు. అది 15లో 2 పాళ్లు మాత్రమే. వీనిని కూర్చినచో, ఏడుగురిలో ఇద్దరు తోడేళ్లుండు ఆటలో ఊరికి గెలుచు అవకాశము 35లో 8 పాళ్లు. అనగా నూటికి ఇరువదిమూడు! ఇద్దరికి ఎదురుగా ఐదుగురున్నను, నాలుగు ఆటలలో ఒక్కటియైనను గెలుతురను నమ్మకము లేదు.

బ్రేవర్‌మన్, ఎతెసామి, మోసెల్ అను ముగ్గురు గణితవేత్తలు 2008లో ఈ ఆటను గూర్చి ఒక పరిశోధన వ్యాసము ప్రకటించిరి. విశేషాధికారములు గల గ్రామస్థులు లేని ఆటలో, ఉభయ పక్షములకు సరితూగు అవకాశములుండుటకు ద్రోహుల సంఖ్య మొత్తము సంఖ్యకు వర్గమూలమంత స్థాయిలో నుండిన చాలునని వారు నిరూపించిరి. స్థూలముగా చెప్పవలెనన్న, నూరుగురి గుంపునకు పదిమంది స్థాయి. పదివేల గుంపునకు నూరుగురి స్థాయి. గుంపు పెరిగినకొలది, దానిని కలవరపెట్టుటకు కావలసిన ద్రోహుల పాలు తగ్గుచున్నది. సంఖ్య యొక్కటే బలము కాదని దీని తాత్పర్యము.

తోడేళ్ల బలమెక్కడిది? వాటికి ఒకరినొకరు తెలియును. గ్రామస్థునికి తాను తప్ప అన్యుడెవడు మంచివాడో తెలియదు. కాని ఊరికి ఒక ఆస్తి కలదు. రాత్రి తోడేళ్లు చేసినది మనకు కనబడదు. పగలు వేసిన వోటు మాత్రము అందరి యెదుటను పడినది. ఎవరు ఎవరిపై వేసిరి? ఎప్పుడు వేసిరి? ఏమి కారణము చెప్పిరి? ఈ మూడును ఊరికి మిగులు సాక్ష్యములు. కావున వోటు కేవలము ఒకరిని వెలివేయు ఆయుధము మాత్రమే కాదు. అది రేపటి దినమున చదువుకొనవలసిన లిఖితము. ఈ యొక్క మాటను గ్రహించిన గుంపు గుడ్డిగా ఆడదు. 35లో 8 అను లెక్కను దాటిపోవును.

దీనినుండి కొన్ని ఉపాయములు పుట్టును. వానిని ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది, వోట్లు చీలకుండుట. ఐదుగురు గ్రామస్థులు ముగ్గురనుమానితులపై ఇద్దరు, ఇద్దరు, ఒకరుగా చీలిరనుకొనుడు. అప్పుడు తోడేళ్ల రెండు వోట్లు ఎక్కడ పడిన అక్కడనే తీర్పు. ఐదుగురు మాటలాడి మాటలాడి అలసిరి, ఇద్దరు నిర్ణయించిరి. కావున ఎక్కువ వోట్లు ఎవరికి వచ్చిన వారు పోవుదురను నియమము ఊరికి హానికరము. సగమునకు మించిన వోట్లు, అనగా ఏడుగురిలో నలుగురి వోట్లు పడిననే వెలివేయవలెనను నియమము మేలు. ముందుగా ఇద్దరనుమానితులను నిలిపి, వారి సమాధానము విని, పిదప తుది వోటు వేయుట ఇంకను మేలు.

ఈ నియమములో మరియొక పాఠము దాగియున్నది. నలుగురి వోటు కావలెనన్నప్పుడు తోడేళ్లు ఇద్దరే గదా! అనగా ఆ దినమున ఒక నిరపరాధి వెలివేయబడినచో, ఆ తీర్పులో కనీసము ఇద్దరు మంచివారి చేతులుండి తీరవలెను. తోడేళ్లు తమంతట తాము పగటివేళ ఎవరిని వెలివేయజాలవు. మనలో ఇద్దరిని అరువు తెచ్చుకొని వెలివేయును. ఆట ముగిసిన తరువాత "తోడేళ్లు మోసగించినవి" అని గ్రామస్థులు నవ్వుకొందురు. నిజమే, కాని మోసపోవుటకు చేయెత్తినవారు వేరు ఉన్నారు.

రెండవది, సరిసంఖ్య బేసిసంఖ్యల సూక్ష్మము. నలుగురు మిగిలిరి, ఒక తోడేలు. గుడ్డిగా వెలివేసినచో 4లో 1 పాలు మాత్రమే గెలుపు, తప్పినచో రాత్రి మరియొకరు పోయి, మిగిలినది ఇద్దరు, ఆట ముగిసినది. అట్లుగాక ఆ పగలు ఎవరిని వెలివేయక ఊరకుండినచో, రాత్రి ఒకరు పోవుదురు. మరునాడు ముగ్గురిలో ఒక తోడేలు. గెలుపు 3లో 1 పాలు. ఆరుగురిలో ఒక తోడేలున్నను ఇదే న్యాయము: తొందరపడి వెలివేసినచో 9లో 4 పాళ్లు, ఆగినచో 15లో 7 పాళ్లు. భేదము స్వల్పమే, కాని భేదమున్నది. నియమములు అనుమతించిన ఆటలలో, సంఖ్య సరిగా నున్నపుడు, బలమైన ఆధారము లేనిచో వోటు వేయకుండుట తెలివి. "ఏదో ఒకటి చేయవలెను గదా" అను ఆతురత ఎల్లప్పుడును విజ్ఞత కాదని గణితము సైతము చెప్పుచున్నది.

మూడవది, వోటు వేయు వేళ. గుంపు ఒకనిపై విరుచుకొనిపడునపుడు మొదట వేలు చూపినవాడు రేపు సంజాయిషీ చెప్పుకొనవలసి యుండును. చివర వోటు వేసి తీర్పు ముగించినవాడును అందరి కంట బడును. కావున తెలిసిన తోడేలు నడుమ నిలుచును. రెండవ వోటో, మూడవ వోటో వేసి, "అందరును అనుచున్నారు గదా, నేనును అదే" యని సర్దుకొనును. నిరపరాధి చీటీ బయటపడిన మరుక్షణము వెనుకకు తిరిగి చూడుడు: కారణము చెప్పక, మాట కలిపి, నడుమ నిలిచినవారెవరు? తోడేలు చీటీ బయటపడిన దినమునను అట్లే చూడుడు: ఆ తోడేలుపై వోటు వేయుటకు వెనుకాడినవారెవరు? దాని ఓటమి ఖాయమైన పిదప మాత్రమే చేయి కలిపినవారెవరు?

నాలుగవది, తోడేలు ఎత్తునకు పైయెత్తు. ఆరితేరిన తోడేలు తన తోడి తోడేలునే అందరికన్న ముందు దూషించి వెలివేయించును. ఊరు దానిని మెచ్చుకొనును; ఆ మెప్పును మూటగట్టుకొని అది తుదివరకు నిలుచును. కావున ఒక్కనాటి వోటుతో ఒకరిని నమ్మరాదు, ఒక్కనాటి వోటుతో ఒకరిని శంకింపరాదు. మూడు నాలుగు దినముల వోట్లను వరుసగా పరచి చూచినపుడు వాని రీతి తెలియును. ఆటగాండ్రలో ఒకరు ఈ వోట్లను కాగితముపై వ్రాసికొను అలవాటు మంచిది. జ్ఞాపకము గట్టిగా అరచినవాని వైపు మొగ్గును, కాగితము మొగ్గదు.

ఇంతవరకు ఉపాయములు. ఇక వీని వెనుకనున్న న్యాయమును చూతము. 1785లో కొండోర్సె అను ఫ్రెంచి గణితవేత్త ఒక సిద్ధాంతమును ప్రకటించెను. రెండు పక్షములలో ఒకదానిని ఎంచవలసినపుడు, ప్రతి మనుష్యుడును తప్పుకన్న ఒప్పు వైపే కొంచెమైనను ఎక్కువగా మొగ్గువాడై, ప్రతివాడును తన బుద్ధితో తాను తీర్పు చెప్పువాడై యుండినచో, గుంపు పెరిగినకొలది అధికసంఖ్యాకుల తీర్పు సత్యమునకు సమీపించును. ప్రజాస్వామ్యమునకు ఇది గొప్ప ఊరట. కాని "తన బుద్ధితో తాను" అను నిబంధనను మరువరాదు. పదిమంది ఒక్కని మాట వెంట పడి చేతులెత్తినచో అవి పది వోట్లు కావు. పది చేతులు గల ఒక్క వోటు. అట్టి గుంపునకు ఒక్కని బుద్ధికి మించిన బుద్ధి యుండదు. ఒక్కనికి లేని ధైర్యము మాత్రము వచ్చును.

ఇది కేవలము ఊహ కాదు. ఆటలో వలెనే వోటు వేసి మనుష్యులను వెలివేసిన నగరమొకటి చరిత్రలో నిజముగా నుండినది. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దిలో గ్రీసు దేశపు ఆథెన్సు నగరమున, నగరమునకు ప్రమాదకరుడని తోచిన ప్రముఖుని 10 సంవత్సరములు దేశమునుండి పంపివేయు ఆచారముండెను. పౌరులు కుండపెంకుపై వాని పేరు గీసి వేయుదురు. ఆ వోటు చెల్లుటకు 6000 పెంకులు పడవలెనను నియమముండెను. విచారణ లేదు, నేరారోపణ లేదు, సమాధానము చెప్పుకొను అవకాశము లేదు. పేరు, పెంకు, అంతియే.

క్రీస్తుపూర్వము 482 ప్రాంతమున న్యాయశీలుడని పేరు గాంచిన అరిస్టైడీసు ఇట్లు వెలివేయబడెను. ప్లూటార్కు ఒక కథ చెప్పియున్నాడు. వ్రాయనేరని పల్లెటూరివాడొకడు, ఎదుట నున్నది ఎవరో ఎరుగక, అరిస్టైడీసు చేతికే పెంకునిచ్చి అరిస్టైడీసు పేరు వ్రాయుమనెను. ఆయన నీకేమి అపకారము చేసెనని అడుగగా, ఏమియు లేదు, ఎక్కడ చూచినను న్యాయశీలుడు న్యాయశీలుడని వినలేక విసిగితిననెను. అరిస్టైడీసు మారుమాటాడక తన పేరు తానే వ్రాసి ఇచ్చెనట. కథలో కల్పన యెంతయో గాని, కారణము లేని వోటు ఎట్లుండునో ఇంతకన్న స్పష్టముగా చెప్పుట కష్టము.

మరియొకటి కథ కాదు, భూమిలో దొరికిన సాక్ష్యము. 1937లో ఆథెన్సు కొండకోట ఉత్తరపు వాలున ఒక పాతబావిని త్రవ్వగా, థెమిస్టొక్లీసు అను నాయకుని పేరు గీసిన పెంకులు సుమారు 190 ఒక్కచోట దొరికినవి. పండితులు చేవ్రాలును పరీక్షింపగా అవి దాదాపు 14 మంది చేతివ్రాతలుగా తేలినవి. వోటర్లకు పంచుటకై ఒక ముఠా ముందుగా గీసి సిద్ధపరచిన పెంకులని పలువురి అభిప్రాయము. పెంకులు నూట తొంబది, చేతులు పదునాలుగు! తుదకు క్రీస్తుపూర్వము 417-415 ప్రాంతమున, వెలివేత భయము గల నీసియాసు, ఆల్సిబియాడీసు అను ఇద్దరు ప్రత్యర్థులు తమ పక్షములను కలిపి, హైపర్బొలసు అను మూడవవానిపై పెంకులు వేయించిరి. ఆ మోసమును చూచిన పిదప ఆ ఆచారమే వాడుక తప్పినది. మీ ఆటలో ఇద్దరనుమానితులు రాజీపడి నోరులేని మూడవవానిని పట్టియిచ్చుట మీరు చూడలేదా? ఆ యెత్తు వయస్సు రెండువేల నాలుగువందల సంవత్సరములకు పైమాట.

మంచివారు గుంపు వెంట ఏల పోవుదురు? 1950లలో సాలమన్ ఆష్ అను అమెరికా మనస్తత్త్వవేత్త చేసిన ప్రయోగములు దీనికి కొంత సమాధానమిచ్చినవి. ఒక గీతను చూపి, ప్రక్కనున్న మూడు గీతలలో దానితో సమానమైనదేదో చెప్పుమనును. చిన్నపిల్లవాడు చెప్పగల ప్రశ్న. కాని గుంపులో ఒక్కడు తప్ప మిగిలినవారందరును ఆష్ ఏర్పరచినవారే. వారు బాహాటముగా తప్పు సమాధానము చెప్పుదురు. ఆ ఒక్కడు ఇచ్చిన సమాధానములలో సుమారు మూడింట ఒక పాలు గుంపుతో కలిసి తప్పినవి. కన్నులెదుట నున్న గీత విషయముననే ఇట్లయినచో, కంటికి కనబడని నేరము విషయమున చెప్పవలసినదేమి? అయితే ఆ ప్రయోగములోనే ఒక ఆశాకిరణము కలదు. గుంపులో మరియొకడు, ఒక్కడే ఒక్కడు, నిజము చెప్పినచో, ఈ తప్పుడు వంత పాడుట చాల మట్టునకు తగ్గిపోయెను. గుంపును నిలువరించుటకు గుంపు అక్కరలేదు. ఒక్క గొంతు చాలును.

ఇక మన పాఠశాలకు వత్తము. మీరు ఆడుచుండగా మేము పలుమారులు ప్రక్కన కూర్చుండి చూచితిమి. తొలిపగలు వోటు ఎవరిపై పడుచున్నదో గమనించితిమి. ఏ ఆధారమును లేని ఆ తొలిపగలున, వోటు తరచుగా ఇద్దరిలో ఒకరిపై పడును: మౌనముగా నున్నవారిపై, లేదా మాట తడబడినవారిపై. ఈ సంవత్సరము మన పాఠశాలలో చేరిన ఒక బాలిక ఇంటిభాష తమిళము. తెలుగు నేర్చుకొనుచున్నది, మాటకై ఒక క్షణము వెదకి పలుకును. వరుసగా మూడు ఆటలలో తొలిపగలే ఆమెను వెలివేసితిరి. మూడు మారులును ఆమె చేతిలోనిది గ్రామస్థుని చీటీయే. కారణమేమని మేమడుగగా, "తడుముకొని మాటలాడినదండీ" అని చెప్పితిరి. ఆమె తడుముకొన్నది అబద్ధము కొరకు కాదు, క్రియాపదము కొరకు.

మేము మిమ్ము నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆమె స్థానము మనకు తెలియని స్థానము కాదు గనుక చెప్పుచున్నాము. మీలో పెక్కుమందికి ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము. వీధిలోని ఆటలో మీరు మాటకై తడుముకొన్న దినములు మీకు గుర్తుండును. మీ తాతలకు, వారి తాతలకు అది నిత్యానుభవము. ఆ అనుభవము గలవారి పిల్లలు, తమకు సంఖ్యాబలమున్న ఈ ఒక్క ప్రాంగణములో, తడబాటునే నేరముగా లెక్కించుట తగునా?

ఇక్కడ ఒక ప్రమాదమును కూడ హెచ్చరింపవలెను. ఈ ఆటలో ద్రోహులెప్పుడును అల్పసంఖ్యాకులు, మంచివారు అధికసంఖ్యాకులు. ఆట ఆడి ఆడి, కొద్దిమందిగా కలిసియుండువారు, తమలో తాము తమకే తెలియు భాషలో మాటలాడుకొనువారు కుట్రదారులను భావము మనస్సున నాటుకొనవచ్చును. ఆటలో తోడేలును చేసినది సూత్రధారి పంచిన చీటీ. జీవితమున ఎవ్వరును అట్టి చీటీలు పంచలేదు. ఒకడు తక్కువ సంఖ్యలో నున్నాడనుట వానిని గూర్చి లెక్క చెప్పును గాని గుణము చెప్పదు. మనము ఈ రాష్ట్రమున భాషాల్పసంఖ్యాకులము. ఈ సత్యమును మనకన్న బాగుగా ఎవరెరుగుదురు?

మన రాజ్యాంగ నిర్మాతలు దీనిని ఎరిగియుండిరి. సంఖ్యతోనే అన్నియు తేల్చరాదని, కొన్ని హక్కులను సాధారణమైన చేతులెత్తు లెక్కకు అందకుండ నిలిపిరి. మతముచేగాని భాషచేగాని అల్పసంఖ్యాకులైనవారు తమకిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనుటకు 30వ అధికరణము హక్కునిచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని 1956లో 7వ సవరణ ద్వారా 350-ఎ అధికరణము చేరినది. ఈ పైకప్పు క్రింద మీరు తెలుగు పద్యము వల్లించుటకు ఇట్టి నిబంధనలే ఆధారము. వోటు గొప్ప సాధనము. కాని వోటుతో తీసివేయరానివి కొన్ని కలవు. అవి యేవియో ముందుగా నిర్ణయించుకొన్న గుంపే వోటును నిర్భయముగా వాడుకొనగలదు.

కావున ఈ ఆటను మానుడని మేము చెప్పము. అట్లు చెప్పినను మీరు మానరని ఎరుగుదుము. ఇంతకన్న బాగుగా ఆడుడని మాత్రము కోరెదము. అందుకు ఐదు నియమములను మీ ముందుంచుచున్నాము.

చేయెత్తుటకు ముందు కారణమును నోటితో చెప్పవలెను. "అందరును అనుచున్నారు" అనునది కారణము కాదు.

అనుమానితునికి మాటలాడుటకు సమయమీయవలెను; వాడు ఏ భాషలో మాటలాడగలిగిన ఆ భాషలో మాటలాడనీయవలెను, తెలిసినవారు మిగిలినవారికి చెప్పవలెను.

వోట్లను వరుస తప్పక కాగితముపై వ్రాయవలెను. నిరపరాధి చీటీ బయటపడిన దినమున ఆ కాగితమును బిగ్గరగా చదువవలెను.

సగమునకు మించిన వోట్లు లేనిదే ఎవరిని వెలివేయరాదు. తగిన ఆధారము లేని సరిసంఖ్య దినమున ఊరకుండుటకు జంకరాదు.

తొలిపగలు వెలివేయబడినవారిని తరువాతి ఆటలో తొలిపగలు వెలివేయరాదు. ఈ చివరి నియమమునకు గణితము అడ్డు చెప్పవచ్చును. చీటీలు మరల కలిపిన పిదప నిన్నటి ఆటకు నేటి ఆటకు సంబంధము లేదనవచ్చును. నిజమే. చీటీలకు సంబంధము లేదు; కాని కూర్చున్న పిల్లలు వారే. మూడు ఆటలు వరుసగా గోడ ప్రక్కన ఒంటిగా కూర్చున్న బాలిక నాలుగవ ఆటకు పిలువకయే దూరముగా పోవును. అప్పుడు ఊరు గెలిచినను ఒక ఊరిజనుని పోగొట్టుకొన్నది.

మీరు త్వరలో పదునెనిమిది సంవత్సరములు నిండి నిజమైన వోటర్లగుదురు. ఆ వోటు రహస్యమైనది. ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కరలేదు. కావున మీ కారణమును మీకు మీరే చెప్పుకొను అలవాటు ఇప్పుడే కావలెను. సంఘములలో, సమితులలో, కార్యాలయములలో, బంధువుల పంచాయతీలలో మీరు చేయెత్తవలసిన సందర్భములు ఇంకను ఎన్నియో వచ్చును. ఒకని పేరు పైకి వచ్చి, గది అంతయు ఒక వైపు ఒరుగుచున్నపుడు, "ఏల?" అని అడుగువారు ఒక్కరైనను ఆ గదిలో నుండవలెను. ఆ ఒక్కరు మన పాఠశాలలో చదివినవారై యుందురుగాక అని ఆశించుచున్నాము.